లేని ప్లాస్టిక్‌కు భయం, ఉన్న రంగుకు ఇష్టం!

పిల్లలూ! మీలో ఎంతమంది "ప్లాస్టిక్ బియ్యం" వీడియో చూశారు? అన్నాన్ని ముద్దచేసి నేలకేసి కొడితే బంతిలాగా పైకి ఎగురుతుందే, అది! గుడ్డు లోపలి పొరను లాగి "ఇదిగో ప్లాస్టిక్!" అని చూపించేది చూశారా? బిస్కట్టు నోట్లో వేసుకోగానే ముక్కులోంచీ నోట్లోంచీ తెల్లని పొగలు వచ్చేది? ఈ ప్రశ్న తరగతిలో వేస్తే చెయ్యెత్తనివారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. నిన్నటి పాఠం అడిగితే తల గోక్కునేవాళ్లు కూడా ఈ వీడియోలను మాత్రం వరసగా అప్పజెబుతారు!

తిండిలోని వింతలు చూడడం తప్పు కాదు. వింతను చూసి "ఇలా ఎందుకైంది?" అని అడగడంతోనే విజ్ఞానశాస్త్రం మొదలైంది. నా బాధ వేరు. మనం వింతను చూస్తున్నాం, ఆ ప్రశ్న వేయకుండానే దాన్ని మరో పదిమందికి పంపిస్తున్నాం. అందువల్ల భయపడనక్కరలేని వస్తువుకు భయపడుతున్నాం. భయపడవలసిన వస్తువును లొట్టలు వేసుకుంటూ తింటున్నాం. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మన అనంతపురం మెట్టసీమలో ప్రతి గింజకూ విలువ ఉంది. ఇక్కడ ఇటువంటి పొరపాటు చేస్తే నష్టం మరీ ఎక్కువ. అదెలాగో చూద్దాం.

వింతవార్త కొత్తది కాదు

వింతవార్తలన్నీ సెల్‌ఫోన్‌తోనే పుట్టాయని అనుకోకండి. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా ఒక్కరోజులో ఒక వార్త పాకింది. వినాయక విగ్రహం తొండం దగ్గర చెంచాతో పాలు పెడితే ఆ పాలు మాయమవుతున్నాయని! అప్పట్లో వీడియోలు పంపే ఫోన్లు లేవు. ఇంటి టెలిఫోను, నోటిమాట, టీవీ వార్తలు – ఇవే దాని వాహనాలు. ఢిల్లీలో శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపించారు. ద్రవపదార్థానికి తలతన్యత అనే గుణం ఉంది. చెంచా అంచు దగ్గర ఉబ్బిన పాలు రాతిని తాకగానే పలుచని పొరగా సాగి, విగ్రహం ఒంటిమీదుగా కిందికి జారుతాయి. తెల్లపాలు కనిపించలేదు గాని, రంగుపాలు జారిన దారి స్పష్టంగా కనిపించింది.

ఇందులో ఎవరి భక్తినీ ఆక్షేపించలేదు. కంటికి కనిపించని దారిని కనిపించేటట్లు చేశారు, అంతే. చిటికెడు రంగుతో పెద్ద చిక్కు విడిపోయింది. ఈ పద్ధతిని గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు పనికివస్తుంది.

ప్లాస్టిక్ బియ్యం కథ

ఈ పుకారు 2011 ప్రాంతంలో చైనా వార్తల నుంచి బయలుదేరింది. 2016 డిసెంబరులో ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో కస్టమ్సువారు రెండున్నర టన్నుల బియ్యాన్ని "ప్లాస్టిక్ బియ్యం" అని పట్టుకున్నారు. ప్రయోగశాలలో పరీక్షిస్తే అందులో ప్లాస్టిక్ లేదు. ఉండవలసిన దానికంటే ఎక్కువ సూక్ష్మజీవులు మాత్రం ఉన్నాయి! అంటే ఆ బియ్యం నిజంగానే తినడానికి పనికిరానివే, కాని కారణం వేరు. అందరూ ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే అసలు దోషం మరోచోట ఉంది. ఈ సంగతి మనకు మంచి పాఠం.

2017 జూన్‌లో ఆ పుకారు హైదరాబాదుకు వచ్చింది. అక్కడి నుంచి తెలుగునాట ఊరూరికీ పాకింది. బిర్యానీ ముద్దలను నేలకేసి కొట్టారు. అధికారులు నమూనాలు తీసి పరీక్షలు చేయించారు. అవి మామూలు బియ్యమేనని తేలింది. కాని "ప్లాస్టిక్" అన్న వీడియో లక్షలమందికి చేరింది, "కాదు" అన్న వార్తను చదివినవాళ్లు కొద్దిమందే.

ఒక్క నిమిషం ఆలోచించండి. వ్యాపారి కల్తీ చేసేది లాభం కోసమే కదా! ప్లాస్టిక్ గుళికల ధర మామూలు బియ్యం ధరకంటే ఎక్కువ. ఖరీదైన వస్తువును చవక వస్తువులో కలిపే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? ఇక రెండో సంగతి. బియ్యం ఉడికితే నీళ్లు పీల్చుకొని రెండింతలకు పైగా ఉబ్బుతాయి. పాలిథిన్ నీటిని పీల్చదు. గంటసేపు ఉడికించినా అన్నం మెతుకు కాదు. లెక్కలూ, సామాన్యశాస్త్రమూ రెండూ "కాదు" అంటుంటే వీడియో ఒక్కటి "అవును" అంటే దేన్ని నమ్మాలి?

బంతి ఎందుకు ఎగిరింది?

"మరి అన్నం ముద్ద ఎగిరింది కదా సార్!" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. బియ్యంలో ముఖ్యంగా ఉన్నది పిండిపదార్థం. వేడినీటిలో దాని రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, కొంత పిండి బయటికి వచ్చి జిగురులాగా అంటుకుంటుంది. ఆరేకొద్దీ ఆ జిగురు వలలాగా అల్లుకొని, లోపల నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే గట్టిగా పిసికిన ముద్దకు కొంచెం సాగే గుణం వస్తుంది. అమ్మ తెడ్డుతో గెలికి చేసిన రాగిసంగటి ముద్దను వేలితో నొక్కి చూడండి. లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. సంగటిని ఎవరైనా ప్లాస్టిక్ అంటారా?

"గంజిమీద ప్లాస్టిక్ పొర కట్టింది" అన్నదీ ఇటువంటిదే. ఆ పొర కట్టే గుణం ఉంది గనుకనే మన అమ్మమ్మలు నూలు చీరలకు గంజి పెట్టి బిరుసుగా చేశారు. "బియ్యాన్ని మంటపెడితే కాలింది" అన్నది మూడో సాక్ష్యం. కాలకేం చేస్తుంది? పిండిపదార్థంలో కర్బనం ఉంది. బుడ్డల పొట్టుతో పొయ్యి వెలిగించే జిల్లాలో పుట్టి, తినే గింజ కాలితే ఆశ్చర్యపోవచ్చునా?

"ప్లాస్టిక్ గుడ్డు" సంగతీ అంతే. గుడ్డు పెంకుకూ తెల్లసొనకూ మధ్య మాంసకృత్తులతో ఏర్పడిన రెండు పలుచని పొరలు ఉంటాయి. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అవి కాపలా కాస్తాయి. నమ్మకం కుదరకపోతే పెంకు ముక్కమీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తాయి. పెంకులోని కాల్షియం కార్బొనేటు ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువును వదులుతోందన్నమాట. ఇలా బుడగలు వచ్చే గుడ్డును కార్ఖానాలో ప్లాస్టిక్‌తో పోతపోయలేరు.

నీళ్లలో తేలే గింజ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బడి భోజనం బియ్యంలోనో, రేషన్ బియ్యంలోనో కొన్ని గింజలు కొంచెం వేరుగా, పాలిపోయినట్లుగా ఉండడం మీరు గమనించి ఉంటారు. బియ్యం కడిగేటప్పుడు వాటిలో కొన్ని నీటిమీద తేలుతాయి. "ఇవే ప్లాస్టిక్ గింజలు" అని వాటిని ఏరి పళ్లెం అంచున పెట్టే పిల్లలను నేను చూశాను. కడుగునీళ్లతోపాటు వాటిని పారబోసే ఇళ్లూ నాకు తెలుసు.

అవి ఏమిటో తెలుసా? బియ్యపు పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి–12 విటమిను కలిపి, తడిపి, యంత్రంలో ఒత్తి, బియ్యపుగింజ ఆకారంలో కోసి ఆరబెట్టినవి. వీటిని బలవర్ధక గింజలు అనవచ్చు. ఇంటిలో జంతికల గొట్టంతో పిండిని ఒత్తుతాం కదా, ఇంచుమించు అదే సూత్రం. నూరు గింజల బియ్యానికి ఇటువంటిది ఒకటి చొప్పున కలుపుతారు. ఒత్తిన గింజ లోపల సన్నని గాలిసందులు ఉండడంవల్ల కొన్ని తేలుతాయి. తేలినంత మాత్రాన ప్లాస్టిక్ కాదు. ఆ మాటకొస్తే అన్ని ప్లాస్టిక్‌లూ తేలవు. పాలిథిన్ తేలుతుంది, పి.వి.సి. పైపు ముక్క మునుగుతుంది. కాబట్టి తేలడం, మునగడం పరీక్షే కాదు.

ఈ బియ్యాన్ని పథకాలన్నింటిలో ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. 2022 నుంచి బడులకూ, 2024 నాటికి రేషన్ దుకాణాలకూ అవి దశలవారీగా చేరాయి. ఎందుకు ఇచ్చారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి ఉంది. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటుంటే నిద్ర, సాయంత్రానికి నీరసం – వీటికి సోమరితనమే కారణమని తిట్లు తినే పిల్లల్లో ఎందరికో నిజమైన కారణం రక్తంలో ఇనుము చాలకపోవడమే.

ఒక చిన్న లెక్క చేద్దాం. బలవర్ధక బియ్యం కిలోలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నియమం. ఒక పూట భోజనానికి 150 గ్రాముల బియ్యం అనుకుంటే నాలుగు నుంచి ఆరు మిల్లీగ్రాముల ఇనుము అందుతుంది. అదంతా ఆ కొద్దిపాటి గింజల్లోనే ఉంది. వాటిని ఏరిపారేస్తే మిగిలినది మామూలు బియ్యమే. ఎవరో ఎక్కడో తీసిన ఒక వీడియో మన పళ్లెంలోంచి ఇనుమును ఏరి పారవేయిస్తోందన్నమాట! అంతటితో ఆగదు. తెల్లవారుజామున లేచి వండిపెట్టే వంట ఆయమ్మను నిందలపాలు చేస్తుంది. రేషన్ డీలరు మీద లేనిపోని అనుమానం పుట్టిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పడం ధర్మం. బియ్యంలో ఇనుము కలపడంవల్ల రక్తహీనత ఎంతవరకు తగ్గుతుందనే విషయంలో శాస్త్రజ్ఞుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తలసీమియావంటి జబ్బులున్నవారు వైద్యుని సలహా తీసుకోవాలని కూడా చెబుతారు. ఇది అంకెలతో, పరీక్షలతో జరిగే వాదన. ఇటువంటి వాదన ఎంత జరిగితే అంత మంచిది. "ప్లాస్టిక్" అనే కేకకూ దానికీ సంబంధం లేదు. గింజల్ని నమ్ముకొని కూర్చోమని కూడా నేను అనను. ఆకుకూర, రాగులు, బుడ్డలు, బెల్లం తినాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని సి–విటమిను ఇనుము ఒంటబట్టడానికి సాయం చేస్తుంది. భోజనం చేయగానే టీ తాగితే ఆ టీ అడ్డుపడుతుంది. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మింగడం మానకూడదు.

మీరే పరీక్షించండి

కావలసినవి: కొన్ని మామూలు బియ్యపుగింజలు, ఏరిన వేరు రకం గింజలు, పాలిథిన్ సంచి ముక్క, మందుల దుకాణంలో దొరికే టింక్చరు అయొడిన్, నీళ్లు.

వేరు రకం గింజలను, మామూలు గింజలను విడివిడిగా నలగగొట్టండి. మూడు చిన్న మూతల్లో ఆ రెండు పొడులనూ, ప్లాస్టిక్ ముక్కనూ వేరువేరుగా పెట్టండి. అయొడిన్‌లో నీళ్లు కలిపి ఒక్కొక్క చుక్క వేయండి. పిండిపదార్థం ఉన్నచోట నీలి నలుపు రంగు వస్తుంది. పాలిథిన్ ముక్కమీద రాదు. రెండు రకాల గింజలూ నల్లబడితే రెండూ పిండితో చేసినవే. పరీక్ష చేసిన గింజలను తినకండి. చేతులు కడుక్కోండి. మంటతో చేసే పరీక్షలు మాత్రం ఉపాధ్యాయుడు లేకుండా చేయవద్దు.

చూశారా! 1995లో పాలకు రంగు కలిపినట్లే ఇప్పుడు గింజకు రంగు వేశాం. ఖర్చు పదీ ఇరవై రూపాయలు దాటదు.

మరి భయపడవలసినవి ఏవి?

పొగ బిస్కట్టు సంగతి చూడండి. దాన్ని ద్రవ నత్రజనిలో ముంచుతారు. ద్రవ నత్రజని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 సెంటిగ్రేడు డిగ్రీలు! మన పశువైద్యశాలల్లో కృత్రిమ గర్భధారణకోసం వీర్యాన్ని నిలవచేసే అల్యూమినియం క్యానులో ఉండేది అదే. నోట్లోంచి వచ్చే తెల్లని పొగ నత్రజని కాదు. నత్రజనికి రంగు లేదు. ఆ చలికి గాలిలోని నీటి ఆవిరి మంచులాగా మారి కనిపిస్తుంది. బిస్కట్టులో ద్రవం కొంచెం మిగిలి ఉన్నా నోరు, గొంతు కాలినట్లవుతాయి. కడుపులోకి పోతే మరీ ప్రమాదం. ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువు అవుతుంది. కడుపులో అంత చోటెక్కడిది?

2012లో ఇంగ్లండులో ఇటువంటి పానీయం తాగిన ఒక యువతి ప్రాణం కాపాడడానికి ఆమె జీర్ణాశయాన్ని తొలగించవలసి వచ్చింది. 2024లో బెంగుళూరులో ఒక విందులో "పొగ కిళ్లీ" తిన్న పన్నెండేళ్ల బాలికకు జీర్ణాశయంలో రంధ్రం పడి శస్త్రచికిత్స చేశారు. అదే సంవత్సరం దావణగెరెలో పొగ బిస్కట్టు తిని బాధతో విలవిలలాడిన కుర్రవాని వీడియో అందరూ చూశారు. తమిళనాడు ఆహారభద్రత అధికారులు హెచ్చరిక జారీ చేశారు.

ఇక రంగు సంగతి. రోడమైన్–బి అనేది గులాబీ రంగు. ధర్మవరం పిల్లలకు రంగుల సంగతి నేను వేరే చెప్పాలా! పట్టు, నూలు, కాగితం వంటివాటికి వేసే రంగుల్లో ఇదొకటి. మనదేశంలో తిండిలో వేయడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటిలో ఇది లేదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు ఈ రంగు వేసిన పీచుమిఠాయిని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక ప్రభుత్వం 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107 నమూనాల్లో సురక్షితం కాని కృత్రిమ రంగులు కనిపించాయి. గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో అటువంటి రంగుల వాడకాన్ని అక్కడ నిషేధించారు.

ఆ నమూనాలు తీసినది మనకు సరిహద్దు రాష్ట్రంలోనే. అయినా సాయంత్రం బడి వదలగానే మన పిల్లలు ఎక్కడ గుమిగూడతారు? ఎర్రగా నిగనిగలాడే గోబీ బండి దగ్గర! బండివాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. చాలామందికి ఏ పొట్లంలో ఏ రంగు ఉందో తెలియదు. ఎర్రగా లేకపోతే మనం కొనమని మాత్రం తెలుసు. కాబట్టి ఆ రంగు వేయించేది మన కళ్లే. "అన్నా, రంగు లేకుండా చెయ్యి" అని పదిమంది పిల్లలు అడిగితే వారంలో బండి రంగు మారుతుంది.

ఇంకొకటి. ప్లాస్టిక్ బియ్యం ఎక్కడా కనిపించలేదు గాని, సలసలా కాగే సాంబారును, టీని పలుచని పాలిథిన్ సంచిలో కట్టించుకొని తెచ్చే అలవాటు ప్రతి ఊళ్లో కనిపిస్తుంది. ప్లాస్టిక్ అంటే నిజంగా భయముంటే ముందు ఒక స్టీలు క్యారియరు పట్టుకొని బయలుదేరండి.

పళ్లెంలోనే ఉన్న వింతలు

వింతలు మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంకా మంచి వింతలు చూడమంటున్నాను. మన ఉగ్గానినే తీసుకోండి. బొరుగుల భట్టీలో ఇసుక 200 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులో పడిన గింజకు అన్నివైపుల నుంచీ ఒక్కసారి వేడి తగిలి, లోపలి తేమ ఆవిరై, మెత్తబడిన పిండిని లోపలి నుంచి ఉబ్బిస్తుంది. రెప్పపాటులో బియ్యం బొరుగవుతుంది. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి కదా! మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి వచ్చింది. కాబట్టి ఆరువందల ఏళ్ల కిందట ఈ సీమలో ఎవరూ మిరపకాయ బజ్జీ తిని ఉండరు!

బుడ్డలూ అంతే, వాటి పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పూత రాలాక ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది. ఆ రోజుల్లో వాన ఎగ్గొడితే నేల గట్టిపడి ఊడ దిగదు. మీ నాయన ఆకాశంవైపు చూస్తూ కూర్చునేది అందుకే. ఏ వీడియోలోని వింత దీనికి సాటివస్తుంది?

ఏం చేయాలి?

ఫోను లాక్కుంటే సరిపోతుందని కొందరు పెద్దలంటారు. నేను ఒప్పుకోను. ఫోను లేని 1995లో కూడా వింత పాకింది. మార్గం ఒకటే, పరీక్షించడం నేర్చుకోవడం. ప్రతి హైస్కూలులో ఒక "వింతల రిజిస్టరు" పెట్టాలని నా సూచన. విన్న ప్రతి వింతకూ అందులో నాలుగు ప్రశ్నలు రాయండి. ఎవరు చెప్పారు? ఎక్కడ, ఎప్పుడు జరిగింది? అది నిజమైతే ఇంకా ఏమేమి కనిపించాలి? మనం చేయగల పరీక్ష ఏది? నెలకొకసారి ప్రయోగశాలలో ఒక వింతను పరీక్షించి, ఫలితాన్ని నోటీసు బోర్డుమీద పెట్టండి.

అనుమానించడం తప్పని మాత్రం అనుకోకండి. అన్నంలో పురుగు కనిపించినా, ముక్కవాసన వచ్చినా వెంటనే హెడ్మాస్టరుగారికి చెప్పండి. అది మీ హక్కు. అబద్ధపు ఫిర్యాదులు వంద పుడితే నిజమైన ఫిర్యాదు ఒకటి వాటికింద నలిగిపోతుంది. నైజీరియా బియ్యానికి పట్టిన గతి అదే కదా!

ఇకమీదట ఏదైనా వింత కనిపిస్తే దాన్ని ఇంకొకరికి పంపే ముందు ఒక్క చుక్క అయొడిన్‌ను, ఒక్క నిమ్మచెక్కను, ఒక్క ప్రశ్నను గుర్తు తెచ్చుకోండి. పళ్లెం అంచున పెట్టిన ఆ గింజను పరీక్షించండి. నిజం తేలాక మిగతా గింజలను అన్నంతో కలుపుకొని కడుపునిండా తినండి.